ఇంటి దొంగను పట్టిన ఈశ్వరుడు

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మన పెద్దలు ఊరికే అనలేదు. కంప్యూటరుకు వైరసు సోకినప్పుడు ఈ సామెత లోతు చక్కగా బోధపడుతుంది. బయటి దొంగ అయితే తలుపు గడియ పెట్టుకుంటాం, కుక్కను పెంచుకుంటాం, కాపలావాణ్ణి పెట్టుకుంటాం. దొంగ ఇంట్లోనే ఉండి, తాళాలగుత్తి మొలకు దోపుకొని, వచ్చినవారికి ఎదురేగి మర్యాదలు చేస్తూ "ఇక్కడ దొంగలెవరూ లేరండీ" అంటుంటే ఎవరు మాత్రం ఏం చేయగలరు?

యాంటీవైరసు అనే కాపలావాడి కష్టం సరిగ్గా ఇదే. వాడికి సొంత కళ్లు లేవు. డిస్కు మీద ఏయే ఫైళ్లున్నాయో నిర్వహణ వ్యవస్థను, అంటే విండోసును, అడిగి తెలుసుకోవాలి. ఇప్పుడు ఏయే ప్రోగ్రాములు నడుస్తున్నాయో కూడా దాన్నే అడగాలి. తెలివిగల వైరసు ముందుగా ఆ విండోసునే లోబరుచుకుంటుంది. తన పేరు జాబితాలో లేకుండా చూసుకుంటుంది. కాపలావాడు లేచేలోపే తాను లేచి, వాడి కాళ్లూ చేతులూ కట్టేస్తుంది. ఆ తరువాత మనం ఎన్ని స్కానులు చేసినా "అంతా క్షేమం" అనే జవాబే వస్తుంది. కంచే చేను మేస్తుంటే కాపు ఎవరితో మొర పెట్టుకుంటాడు?

అయితే ఆ సామెతలో ఒక మెలిక ఉంది. దొంగ బలమంతా ఇల్లు నడుస్తున్నంతసేపే. ఇంటినంతటినీ నిద్రపుచ్చి, పొరుగూరి నుంచి వచ్చిన మనిషి చేత సోదా చేయిస్తే? అప్పుడు దొంగ కూడా నిద్రలోనే ఉంటాడు. మనం బూటబుల్ రెస్క్యూ డిస్కు అని పిలుచుకునేది ఆ పొరుగూరి మనిషినే.

దీని కీలకం చాలా చిన్నది. కంప్యూటరు మీట నొక్కగానే లేచేది విండోసు కాదు. మదర్‌బోర్డు మీద ఉండే బయోసు అనే చిన్న ప్రోగ్రాము ముందు లేస్తుంది. (దాని స్థానంలోకి తరువాత యూఈఎఫ్ఐ వచ్చింది.) నిర్వహణ వ్యవస్థ ఎక్కడుందో వెతికి పగ్గాలు దానికి అప్పగించడం దాని పని. ఆ వెతుకులాటలో హార్డ్‌డిస్కు కంటే ముందు సీడీనో పెన్‌డ్రైవునో చూడమంటే, అందులో ఉన్న వ్యవస్థే లేస్తుంది. అది సాధారణంగా ఒక చిన్న లినక్సు. అది తన సరంజామా అంతా మెమరీలో పరుచుకొని, మన హార్డ్‌డిస్కును ఒక పాత పెట్టెలాగా మాత్రమే చూస్తుంది. అందులోని వైరసు ఆ క్షణాన ఉత్త అక్షరాల మూట. ఎవరూ పఠించని మంత్రం కాగితం మీది సిరాయే కదా. ఎవరూ నడపని వైరసూ అంతే.

ఈ ఉపాయం కొత్తది కూడా కాదు. పీసీలకు సోకిన మొదటి వైరసుగా పేరుపడ్డ "బ్రెయిన్" 1986లో లాహోరులో పుట్టింది. దాన్ని రాసిన అన్నదమ్ములు తమ పేర్లు, చిరునామా, ఫోను నంబర్లు కూడా అందులోనే పెట్టారు. అది ఫ్లాపీ మొదటి భాగంలో, బూట్ సెక్టారులో, తిష్ఠ వేసేది. అంటే యంత్రం కళ్లు తెరవకముందే గుమ్మంలో కూర్చునేది. దానికి ఆనాటి విరుగుడు, శుభ్రమైన ఫ్లాపీ ఒకటి ముందే తయారు చేసి, దాని మీద ఇంకేమీ రాయడానికి వీల్లేకుండా పక్కనున్న గాడిని అంటించేసి, దాంతో యంత్రాన్ని లేపడం. ఆ తరువాత ఫ్లాపీ పోయి సీడీ వచ్చింది, సీడీ పోయి పెన్‌డ్రైవు వచ్చింది. సూత్రం మాత్రం అదే. మనం నిలబడిన చోటు దొంగకు అందనిదై ఉండాలి.

* * *

ఇదంతా నాకు పుస్తకజ్ఞానంగా ఉండిపోయేదే. 2010 సంక్రాంతి సెలవులకు చీరాల వెళ్లినప్పుడు అవసరం పడింది.

మా పెద్దనాన్న తెలుగు పండితుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నారు. ఆయనకు చేనేత మాటల మీద ఎడతెగని మమకారం. భద్రిరాజు కృష్ణమూర్తిగారి పర్యవేక్షణలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశాలు మీలో చాలామందికి తెలిసే ఉంటాయి. 1962లో వ్యవసాయ పదాలతో మొదలై, 1971లో చేనేత పదాల సంపుటం వెలువడింది. ఆ రెండో సంపుటం పెద్దనాన్న బల్ల మీద నిత్యం ఉండేది. అందులో లేని మాటలు, ఉన్నా తమ పేటలో వేరే అర్థంలో వాడే మాటలు ఏరి రాయాలని ఆయన సంకల్పం. పడుగు, పేక, నాడె, కండె, ఆసు అనేవి అందరికీ తెలిసినవే. గంజి పెట్టేటప్పుడు అనే మాటలు, దారం తెగినప్పుడు విసుక్కునే మాటలు, గుంటమగ్గంలో కూర్చున్నవాడు పక్క మగ్గంవాడితో వేళాకోళంగా అనే మాటలు ఆయనకు కావాలి. సాయంత్రాలు సంచీ తగిలించుకొని పేటలో ఆసులో కండెలా తిరిగేవారు. రాత్రి వచ్చి కంప్యూటరు ముందు కూర్చొని ఒక్కో వేలితో టైపు చేసేవారు. పత్రికలవాళ్లు, ప్రెస్సులవాళ్లు వాడే అచ్చు ఫాంట్లు వద్దని, పట్టుపట్టి యూనికోడు నేర్చుకున్నారు. "ఈ అక్షరం రేపు ఏ యంత్రంలోనైనా అక్షరంగానే ఉంటుందంటున్నావు కదరా, నాకదే కావాలి" అన్నారు. అప్పటికి నాలుగేళ్ల పని అది.

వెళ్లేసరికి ఆయన ముఖంలో పండుగ కళ లేదు.

"అక్షరాలు పోయాయిరా అబ్బాయీ" అన్నారు, నేను కాళ్లు కడుక్కోకముందే.

జరిగిందిది. అచ్చుకు ముందు కాగితం మీద చూసుకుందామని కొన్ని పుటలు పెన్‌డ్రైవులో వేసుకొని దగ్గరలోని డీటీపీ సెంటరుకు వెళ్లారు. ముద్రించుకొని వచ్చారు. ఇంటికొచ్చి పెన్‌డ్రైవు మళ్లీ కంప్యూటరుకు తగిలించారు. ఆ కాలపు విండోసు ఎక్స్‌పీలో ఆటోరన్ అనే సదుపాయం ఉండేది. పెన్‌డ్రైవు గుర్తు మీద రెండుసార్లు నొక్కితే, అందులో దాక్కున్న ప్రోగ్రాము తనంతట తానే నడిచేది. కోట్ల కంప్యూటర్లు ఆ గుమ్మం గుండానే జబ్బుపడ్డాయి. 2008 చివర్లో లోకాన్ని గడగడలాడించిన కాన్‌ఫికర్‌కూ అది ఒక రాజమార్గం. చివరికి 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్టు ఒక అప్‌డేటు ద్వారా ఎక్స్‌పీలోనూ విస్టాలోనూ పెన్‌డ్రైవులకు ఆ తలుపు మూసేసింది. మా పెద్దనాన్న పెన్‌డ్రైవు అంతకు ఏడాది ముందే వచ్చింది.

మర్నాటికి టాస్క్ మేనేజరు తెరుచుకోలేదు. "మీ అడ్మినిస్ట్రేటరు దీన్ని నిలిపివేశారు" అని సందేశం. ఆ ఇంట్లో అడ్మినిస్ట్రేటరు ఆయనే! యాంటీవైరసు సంస్థల వెబ్‌సైట్లు తప్ప మిగతావన్నీ తెరుచుకుంటున్నాయి. సేఫ్ మోడులోకి వెళదామంటే నీలితెర. అన్నింటికంటే ఘోరం, డీ డ్రైవులో "చేనేత" అని ఆయన పేరు పెట్టుకున్న ఫోల్డరు మీద నొక్కితే ఏదో ఒక క్షణం మెరిసి, ఏమీ తెరుచుకోవడం లేదు.

బజారులో కంప్యూటర్లు బాగుచేసే కుర్రవాణ్ణి పిలిపించారు. అతను పది నిమిషాలు చూసి తేల్చేశాడట. "సీ, డీ రెండూ ఫార్మాట్ కొట్టాలి మాస్టారూ. గంటలో ఇచ్చేస్తా. డేటా మీద ఆశలు పెట్టుకోవద్దు." పెద్దనాన్న అతనికి మజ్జిగ ఇచ్చి పంపేసి, కంప్యూటరు మీద తువ్వాలు కప్పి, నా కోసం నాలుగు రోజులు ఎదురుచూశారు. ఆ నాలుగు రోజులూ మీట నొక్కకుండా ఉండటమే ఆయన చేసిన గొప్ప మేలు. వైరసు సోకిన యంత్రాన్ని నడిపినకొద్దీ రోగం ముదురుతుంది. పోయిన ఫైళ్ల మీద కొత్తవి రాసుకుపోతాయి కూడా.

నా సంచీలో రెండు సీడీలున్నాయి. ఒకటి లినక్సు మరమ్మతు సీడీ. రెండోది ఒక యాంటీవైరసు సంస్థ ఉచితంగా ఇచ్చే రెస్క్యూ డిస్కు. బయలుదేరే ముందురోజు రాత్రి దింపుకొని రాసుకున్నది. 256 కేబీపీఎస్ దారిలో 200 ఎంబీ దిగడానికి దాదాపు రెండు గంటలు పట్టే రోజులవి. సీడీ వల్ల ఒక లాభముంది. ఒకసారి రాసి మూసేశాక ఏ వైరసూ దాన్ని ముట్టుకోలేదు.

వైద్యం మొదలుపెట్టే ముందు ఒక నియమం చెప్పుకోవాలి. ఇల్లు అంటుకున్నప్పుడు ముందు పిల్లల్ని బయటికి తెస్తాం, ఆ తరువాతే మంటలార్పుతాం. కంప్యూటరు విషయంలోనూ అంతే. ముందు డేటాను కాపీ చేసుకోవాలి, ఆ తరువాతే స్కాను. ఎందుకంటే స్కానరు కూడా కత్తి పట్టుకున్న మనిషే. తొలగించమంటే తొలగిస్తుంది. అది వైరసో మన వ్యాసమో దానికి పట్టింపు లేదు.

అందుకని మొదట లినక్సు సీడీతో లేపి, డీ డ్రైవును "చదవడానికి మాత్రమే" అనే పద్ధతిలో తెరిచాను. అలా తెరిస్తే దాని మీద మనమూ పొరపాటున ఏమీ రాయలేం. తెరవగానే పెద్దనాన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. చేనేత ఫోల్డరు అక్కడే ఉంది! దాని పక్కనే, అదే పేరుతో, చివర ఈఎక్స్ఈ అనే తోక ఉన్న ఇంకో ఫైలు ఉంది. మాయ అప్పుడర్థమైంది. వైరసు అసలు ఫోల్డరును తినలేదు. దానికి "దాచినది", "వ్యవస్థకు చెందినది" అనే ముద్రలు వేసి కనబడకుండా చేసింది. దాని స్థానంలో తానే పసుపుపచ్చ ఫోల్డరు బొమ్మ తొడుక్కొని కూర్చుంది. ఎక్స్‌పీ మామూలుగా తోకలను చూపదు గనుక రెండింటికీ తేడా తెలియదు. రోజూ నొక్కే చోటే పెద్దనాన్న నొక్కారు. నొక్కిన ప్రతిసారీ దొంగకు మరోసారి తలుపు తీసినట్టయింది. లినక్సుకు ఆ ముద్రలతో నిమిత్తం లేదు. దాచినదీ దాచనిదీ ఒకే వరుసలో చూపించేస్తుంది.

"అయితే పోలేదన్నమాట" అన్నారు పెద్దనాన్న. గొంతు కొద్దిగా వణికింది.

"పోలేదు పెద్దనాన్నా. దాక్కున్నాయి."

"ఎన్ని ఉన్నాయో చూడు."

చూశాను. నూట ముప్ఫై ఒకటి. ఆయన మాట్లాడకుండా లోపలికి వెళ్లి, ఒక పొడుగాటి పుస్తకం పట్టుకొచ్చారు. బడిలో వాడే హాజరు పట్టీ అది. ఉద్యోగం మానేశాక ఖాళీ పట్టీ ఒకటి తెచ్చుకొని, తాను తయారు చేసిన ప్రతి ఫైలు పేరూ, మొదలుపెట్టిన తేదీ, చివరిసారి ముట్టుకున్న తేదీ అందులో ఎర్రసిరాతో రాసుకున్నారు. దాని ప్రకారం ఉండవలసినవి 173.

నలభై రెండు గైర్హాజరు.

ఆ పట్టీయే లేకపోతే, ఉన్నవాటిని కాపీ చేసుకొని, డిస్కును తుడిచేసి, సంతోషంగా భోజనానికి కూర్చునేవాళ్లం. ఆ నలభై రెండు పోయిన సంగతి ఏ ఆరు నెలలకో బయటపడేది. పెద్దనాన్న ఒక్కో పేరూ పిలవసాగారు, అచ్చంగా తరగతిలో పిలిచినట్టే. నేను తెర మీద చూసి "ఉన్నాడండి", "రాలేదండి" అంటున్నాను. పెద్దమ్మ కాఫీ గ్లాసులతో వచ్చి, మా వాలకం చూసి నవ్వాపుకోలేకపోయింది. ఇరవై పేర్లు పిలిచేసరికి ఒక సంగతి తేలింది. రానివన్నీ ఒకే బాపతు. మొదట్లో ఆయన ఫైళ్లకు ఇంగ్లీషు అక్షరాలతో పేర్లు పెట్టేవారు. చివరి ఏడాదిలో ధైర్యం వచ్చి తెలుగులోనే పేర్లు పెట్టడం మొదలుపెట్టారు. గైర్హాజరైనవన్నీ తెలుగు పేర్లవే.

అప్పుడు కారణం సులువుగానే దొరికింది. విండోసు డిస్కు మీద పేర్లన్నీ యూనికోడులోనే ఉంటాయి. వాటిని లినక్సుకు చదివి వినిపించేది ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ అనే దుబాసీ. ఆ చిన్న సీడీ లేచినప్పుడు దాని భాషా అమరిక ఉత్త ఇంగ్లీషు అక్షరాలకు మాత్రమే సరిపడేదిగా ఉంది. తన అమరికలో ఇమడని పేరు ఎదురైతే ఆనాటి దుబాసీ తప్పుగా పలకడానికి బదులు అసలు పలకకుండా దాటేసేది. ఫైలు క్షేమంగానే ఉంది, పిలిచేవాడికే నోరు తిరగలేదు. అమరికను యూటీఎఫ్-8కు మార్చి, డ్రైవును ఒకసారి మూసి మళ్లీ తెరిచాను. నలభై రెండూ వచ్చి నిలబడ్డాయి.

నిలబడ్డాయి గానీ, ముసుగులు వేసుకొని. సీడీలో తెలుగు ఫాంటు లేదు. ఒక్కో అక్షరం స్థానంలో ఒక చిన్న డబ్బా, ఆ డబ్బాలో ఆ అక్షరం యూనికోడు సంఖ్య. పెద్దనాన్న కళ్లద్దాలు సవరించుకొని "ఇవెవరురా?" అన్నారు. తెలుగుకు యూనికోడులో కేటాయించిన గదులన్నీ 0సి అనే అక్షరాలతోనే మొదలవుతాయి. క అంటే 0సి15, గ అంటే 0సి17. ఒక కాగితం మీద గుణింతం పట్టిక రాసి ఆయన చేతికిచ్చాను. మొదటి పేరులో ఐదు డబ్బాలు: 0సి2ఈ, 0సి17, 0సి4డి, 0సి17, 0సి02. ఆయన వేలు పెట్టి కూడబలుక్కున్నారు. మ. గ. పొల్లు. గ. సున్న.

"మగ్గం!" అన్నారు.

నలభై ఏళ్లు పిల్లలకు అక్షరాలు దిద్దించిన మనిషి, డెబ్భైకి దగ్గరపడుతున్న వయసులో మళ్లీ అక్షరాలు కూడబలుక్కొని ఆ మాట పలికినప్పుడు ఆయన ముఖం చూడాలి. ఆ తరువాత ఆయన నన్ను ముట్టుకోనివ్వలేదు. మిగిలిన నలభై ఒక్కటీ తానే చదివి, పట్టీలో తానే టిక్కులు పెట్టుకున్నారు. యూనికోడు ప్రామాణికం మీద ఎన్ని ఉపన్యాసాలు విన్నా నాకు పట్టని సంగతి ఆ రాత్రి పట్టుబడింది. బొమ్మ పోయినా అక్షరం పోదు. ఫాంటు ఒక చొక్కా మాత్రమే. అచ్చు ఫాంట్లలో దాచుకొని ఉంటే ఆ ఫాంటు లేని ఈ సీడీలో పిచ్చి ఇంగ్లీషు గుర్తులు తప్ప ఏమీ కనిపించేవి కావు. వాటిని పట్టిక చూసి చదవడమూ సాధ్యమయ్యేది కాదు.

173 ఫైళ్లూ నేను తెచ్చుకున్న ఖాళీ డిస్కులోకి కాపీ అయ్యాయి. చెక్‌సమ్ములు సరిచూశాను. చెక్‌సమ్ము అంటే ఫైలులోని ప్రతి బిట్టునూ లెక్కలోకి తీసుకొని తీసే ఒక వేలిముద్ర. అసలుకూ నకలుకూ ముద్రలు కలిస్తే తేడా లేనట్టే. కలిశాయి.

* * *

తరువాతి కథ వేగంగా చెప్పుకోవచ్చు. రెండో సీడీ పెట్టి స్కాను మొదలుపెట్టి పడుకున్నాం. తెల్లారేసరికి జాబితా సిద్ధం. రెండు రకాల పురుగులు కాపురం పెట్టాయి. ఒకటి ఫోల్డరు వేషం వేసినది. రెండోది సాలిటీ కుటుంబానికి చెందినది. 2003లో మొదట బయటపడ్డ ఈ సాలిటీ మహా గడుసుది. ఈఎక్స్ఈ ఫైళ్లన్నింటికీ తన శరీరాన్ని అతికిస్తుంది. సేఫ్ మోడుకు కావలసిన వివరాలను రిజిస్ట్రీలోంచి చెరిపేస్తుంది. టాస్క్ మేనేజరును మూయించేదీ, యాంటీవైరసు వెబ్‌సైట్లకు దారి మూసేదీ అదే. కానీ అక్షరాల ఫైళ్ల జోలికి పోదు. దానికి కావలసింది నడిచే ప్రోగ్రాములే. పెద్దనాన్న పదాలు దాని దృష్టిలో ఎందుకూ కొరగానివి!

స్కానరు మూడు దారులు చూపిస్తుంది: బాగుచేయడం, తొలగించడం, క్వారంటైనులో పెట్టడం. (ఈ చివరి మాటకు 2020 తరువాత ఎవరికీ అర్థం చెప్పనక్కర్లేదు.) అతికించుకున్న వైరసును కోసి తీసేస్తే ప్రోగ్రాము బతకవచ్చు, కుంటుకుంటూ నడవనూ వచ్చు. విండోసు లేచింది గానీ, సగం ప్రోగ్రాములు మూలుగుతున్నాయి. సేఫ్ మోడు తిరిగి రాలేదు. ఒకసారి దొంగ తిరిగిన ఇంట్లో ఏ ఇటుక కదిలించాడో ఎవరు చెప్పగలరు? కాబట్టి చివరికి చేసిందేమిటంటే, విండోసును పూర్తిగా తుడిచి కొత్తగా ఎక్కించడమే.

అంటే బజారు కుర్రవాడు చెప్పిందే! అవును. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అర్థమైన ముఖ్యమైన సంగతి అదే. ఫార్మాటు అనేది మందే గానీ, అది చివరి మందు. అతని చేతిలో అది మొదటి మందైంది. రెస్క్యూ డిస్కు ప్రయోజనం విండోసును బతికించడం కాదు. ఏది పోయినా ఫర్వాలేదో, ఏది పోకూడదో తేల్చుకోవడానికి మనకు కాస్త వ్యవధి సంపాదించి పెట్టడం. విండోసు మళ్లీ దొరుకుతుంది. మగ్గం ముందు కూర్చొని ఆ మాట చెప్పిన ముసలాయన మళ్లీ దొరకడు.

పండుగ వెళ్లిన మర్నాడు ఆ డీటీపీ సెంటరుకు కూడా వెళ్లాం. యజమాని మంచివాడే. "రోజుకు ముప్ఫై పెన్‌డ్రైవులు వస్తాయండీ. దేన్లో ఏముందో మాకు మాత్రం ఏం తెలుసు?" అన్నాడు. ఆయన రెండు యంత్రాల్లోనూ అదే కాపురం. రెస్క్యూ సీడీకి ఒక నకలు ఇచ్చి, వాడే విధానం కాగితం మీద రాసిచ్చాం. పెద్దనాన్న ఆ రోజు నుంచి అచ్చుకివ్వవలసిన పుటలను సీడీలో రాసి ఇచ్చేవారు. పది రూపాయల సీడీ వెళుతుంది, తిరిగి ఏ రోగాన్నీ మోసుకురాదు.

* * *

ఇది జరిగి చాలా కాలమైంది. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్టు మద్దతు ఆపేసింది. పొరుగూరి మనిషిని పిలిచే పద్ధతి కూడా మారింది. ఇప్పుడు అవసరపడే మిత్రుల కోసం నాలుగు మాటలు.

విండోసు 10, 11లలో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాను అని ఒకటి లోపలే ఉంది. సెట్టింగుల్లో దాన్ని ఎంచుకుంటే కంప్యూటరు తిరిగి లేచి, మామూలు విండోసు మొదలుకాకముందే స్కాను చేస్తుంది. పావుగంట పని. ముందు ప్రయత్నించవలసింది అదే. అది చాలకపోతే, లేదా డేటా బయటికి తీయవలసి వస్తే, ఆరోగ్యంగా ఉన్న మరో కంప్యూటరులో లినక్సు పెన్‌డ్రైవు తయారు చేసుకోవాలి. రోగి యంత్రంలో మందు నూరకూడదు. రూఫస్ వంటి ప్రోగ్రాముతో ఇది పది నిమిషాల పని. మరమ్మతు పనిముట్లన్నీ ఒక్కచోట ఉన్న సిస్టమ్‌రెస్క్యూ అనే లినక్సు చక్కగా పనికొస్తుంది. పోయిన ఫైళ్లను వెతికే టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్, చెడిపోతున్న డిస్కును ఓపికగా నకలు తీసే డీడీరెస్క్యూ అందులో ఉంటాయి. యాంటీవైరసు సంస్థలు ఇచ్చే డిస్కుల్లో కొన్ని ఆగిపోయాయి. కాబట్టి ఏది తీసుకున్నా ఆ సంస్థ వెబ్‌సైటు నుంచే తాజాది దింపుకొని, చెక్‌సమ్ము సరిచూసుకోవాలి.

ఇప్పటి యంత్రాల్లో రెండు కొత్త తలుపులున్నాయి. ఒకటి సెక్యూర్ బూట్. గుర్తింపు ముద్ర లేని వ్యవస్థను ఇది లేవనివ్వదు. కొన్ని రెస్క్యూ డిస్కుల కోసం దీన్ని తాత్కాలికంగా ఆపవలసి వస్తుంది. రెండోది బిట్‌లాకర్. ఇది డిస్కునంతటినీ సంకేతలిపిలోకి మార్చేస్తుంది. 48 అంకెల రికవరీ కీ లేకపోతే రెస్క్యూ డిస్కుకు కనిపించేది అర్థం లేని గజిబిజి మాత్రమే. కొత్త ల్యాప్‌టాపుల్లో మనం అడగకుండానే ఇది అమలులో ఉండవచ్చు. దొంగకు అందకూడదని పెట్టిన తాళం ఆపదలో యజమానికీ అడ్డం పడుతుంది. ఆ 48 అంకెలు ఈ రోజే కాగితం మీద రాసుకొని బీరువాలో పెట్టుకోండి. సెక్యూర్ బూట్ వంటి అమరికలను ముట్టుకున్నప్పుడు కూడా యంత్రం ఆ కీ అడగవచ్చు.

ఇక మూడోది, తలుపు కాదు, గోడ. మా పెద్దనాన్న కాలపు పురుగులకు అక్షరాలు అక్కరలేదు. ఆ తరువాత వచ్చిన రాన్సమ్‌వేరుకు కావలసింది అక్షరాలే. మన ఫైళ్లనే సంకేతలిపిలోకి మార్చి, తాళంచెవికి వెల అడుగుతుంది. 2017 మేలో వానాక్రై లోకమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని పాలబడ్డాయి. ఇక్కడ రెస్క్యూ డిస్కు దొంగను పట్టగలదు గానీ, వాడు వేసిన తాళం తీయలేదు. కొన్ని రకాలకు విరుగుడు తాళంచెవులు దొరికాయి. యూరోపోల్, డచ్చి పోలీసులు, కొన్ని భద్రతా సంస్థలు కలిసి 2016లో మొదలుపెట్టిన నో మోర్ రాన్సమ్ అనే వెబ్‌సైటులో వాటిని ఉచితంగా ఇస్తారు. కాబట్టి తాళం పడిన ఫైళ్లను చెరిపేయకుండా దాచుకోవాలి. చెవి రేపు దొరకవచ్చు. అది దొరకని రకాలే ఎక్కువ. వాటికి మిగిలిన మందు ఒక్కటే, దొంగ వచ్చేనాటికే ఇంకో ఊళ్లో ఉన్న నకలు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవద్దని అందరూ చెబుతారు గనుక బ్యాకప్పు గురించి ఉపన్యాసమివ్వను. మూడు నకళ్లు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఇంటి బయట అనే లెక్క అందరికీ తెలిసినదే. దానికి మా పెద్దనాన్న పద్ధతిని ఒకటి చేర్చమని మాత్రం అడుగుతాను. నకలు ఉంటే చాలదు, హాజరు పట్టీ కూడా ఉండాలి. ఏం దాచుకున్నామో తెలియనివాడికి ఏం పోయిందో కూడా తెలియదు. ఆరు నెలలకొకసారి నకలు తెరిచి, పేరు పేరునా పిలిచి చూసుకోవాలి. పిలిస్తే పలకని నకలు నకలు కాదు.

పెద్దనాన్న 2017లో వెళ్లిపోయారు. అప్పటికి పట్టీలో 260 పేర్లు చేరాయి. ఫైళ్లు ఇప్పుడు మూడు ఊళ్లలో మూడు డిస్కుల మీద ఉన్నాయి, పట్టీ నా దగ్గర ఉంది. ప్రతి సంక్రాంతికీ మా చెల్లెలు ఫోనులో పేర్లు పిలుస్తుంది, నేను టిక్కు పెడతాను. కిందటిసారి ఆమె కూతురు పక్కన కూర్చొని "ఆసు అంటే ఏమిటి మామయ్యా?" అని అడిగింది. ఫైలు తెరిచి చదివి వినిపించాను.